మామిడి మీది మొక్క

మా చెల్లెలు ఇందు ఫోనులో అడుగుతున్న మొక్కా, నేను నెల్లాళ్ళుగా నీళ్ళు పోస్తున్న మొక్కా ఒకటి కాదని నాకు తెలిసేసరికి జరగకూడనిది జరిగిపోయి మూడు రోజులైంది. పోయినేడు మే నెల అది. బెల్లం వంటలు అయిపోయి, పొలంలో పని తెమిలిపోయి, ఇంటి పట్టున కూర్చోలేక కాలూ చెయ్యీ కొట్టుకునే రోజులు. పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. ఫోను మోగింది.

"అన్నియ్యా, మొక్క ఎలాగుంది?"

"దానికేటే, మారాణీలాగుంది. నిన్న కొత్తాకు కూడా ఏసింది, ఎర్రగా," అన్నాను.

"ఎర్రగా ఏటన్నియ్యా? ఏ మొక్క సూత్తన్నావు నువ్వు?"

"నువ్వు సెప్పిందే. మామిడి కాడున్న కుండీలో మొక్క. పొద్దున్నో సెంబు, సాయంత్రమో సెంబు, ఒక్కపూట తప్పలేదు."

"అయ్యో, అది వదిన క్రోటన్ మొక్కన్నియ్యా! మామిడి కాడ కాదు, మామిడి మీద. నూతి వైపు కొమ్మకి కొబ్బరి పీచుతో కట్టి ఎల్లేను కదా. నీళ్ళు జల్లమన్నాను గానీ పొయ్యమన్నానా? సర్లే, అది వానలకి బతికే రకం. ఓసారి పైకి సూసి సెప్పు, పూలరెమ్మ ఏటైనా తొంగి సూత్తందా?"

నేను పైకి చూశాను. నూతి వైపు కొమ్మ గుండు గీసినట్టు నున్నగా ఉంది. గీసింది నేనే.

మామిడి కాయ కోసేశాక చెట్టెక్కి ఎండుపుల్లలు కొట్టి, కొమ్మని పట్టుకుని పరాయి మొక్కేదైనా పెరుగుతుంటే కత్తితో గీకి పారేస్తాం. దాన్ని మేం బదనిక అంటాం. ఉంచితే చెట్టుని పీల్చి పిప్పి చేస్తుందని మా నాన్న చెప్పేవాడు. మూడు రోజుల కిందట నేను చెట్టెక్కినప్పుడు ఆ కొమ్మ మీద ఒకటి కనబడింది. లావాటి తెల్లటి వేర్లు బెరడుని గట్టిగా కరుచుకుని ఉన్నాయి. చుట్టూ ఉన్న కొబ్బరి పీచు ఏ కాకి గూడుదో అనుకున్నాను. ఇంత పట్టు పట్టిందంటే చెట్టు ఎన్నాళ్ళు బతుకుతుందిలే అని, కత్తి రెండు చేతులా పట్టుకుని మరీ గీకాను.

"ఉన్నావా అన్నియ్యా? రెమ్మ వచ్చిందా?"

"వచ్చిందమ్మా," అన్నాను. నా నోరు నా మాట వినలేదు.

"నిజంగా? ఎంత?"

"జానెడు."

ఫోనులో అది అరిచిన అరుపుకి నా చెవి గింగురుమంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. "నెల్లాళ్ళలో పువ్వొచ్చేత్తాదన్నియ్యా! నేను గట్టెక్కేసేను!" అంది.

దాని బాధ నాకు తెలియంది కాదు. విశాఖపట్నం యూనివర్సిటీలో మొక్కల మీద పరిశోధన చేస్తోంది. ఇటువైపు ఇంక లేదని పుస్తకాల్లో రాసేసిన ఆర్కిడ్ మొక్క ఒకటుందట. దాని కోసం మూడేళ్ళు కొండలన్నీ కాళ్ళరిగేలా తిరిగితే రెండే రెండు దొరికాయి, రెండూ పువ్వు లేనివే. పువ్వు చూస్తే గానీ అది అవునో కాదో ఎవరూ చెప్పలేరు. యూనివర్సిటీలో పెట్టిన మొక్క, గాలివానకి షెడ్డు మీద కూలడంతో చచ్చిపోయింది. మిగిలిన ఒక్కదాన్నీ మా ఇంట్లో భద్రంగా ఉంటుందని తెచ్చి కట్టింది. ఆగస్టు ఆఖరులోగా పువ్వు చూపించకపోతే మూడేళ్ళ పనీ బుట్టదాఖలు. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు, మూడోసారి పెంచరు.

నా భార్య కుమారి గుమ్మంలోంచి అంతా వింది. "జానెడా?" అంది నా మొహంలోకి చూస్తూ.

"నోర్ముయ్," అని పెరటి వెనక్కి పరిగెత్తాను.

చెట్టు మీంచి పడేసిన చెత్తంతా చెరుకాకు పోగు మీద వేశాను. అంటించేద్దామనుకుంటూనే గాలి ఎక్కువగా ఉందని రెండు రోజులు ఆగాను. నేనూ కుమారీ ఇద్దరం ఆ పోగుని చేత్తో పీకాం. చెరుకాకు కోసుకుని చేతులు మండుతున్నాయి. అడుగున దొరికింది. ఏడాకులు, ముడతలు పడి, తోలు సంచీలా మెత్తబడి ఉన్నాయి. వేర్లలో సగం నా కత్తికే తెగిపోయాయి. ఆకుల మధ్యలోంచి నాలుగు వేళ్ళ పొడుగున ఒక రెమ్మ, దానికి బియ్యపు గింజంతేసి మొగ్గలు నాలుగు.

నేనా ఆకుల పోగు మీదే కూలబడిపోయాను.

"సెప్పేయండి," అంది కుమారి. "ఇప్పుడే ఫోను సేసి సెప్పేయండి. పొరపాటైపోయిందని."

"ఇప్పుడే గట్టెక్కేసేనని ఏడిసింది. దానికెలా సెప్పమంటావే? పదిరోజుల్లో బతికించేత్తాను. చెరుకు బతికించలేదా, వరి బతికించలేదా? ఇదో పెద్ద మొక్కా?"

ఆ పొగరే నా కొంప ముంచింది. పెద్ద కుండీ తెచ్చాను, చెరువు మట్టి, పశువుల గెత్తం కలిపి నింపాను, మొక్కని మెడదాకా పూడ్చాను. పేడా, గోమూత్రం, శనగపిండీ, మా ఇంటి బెల్లం కలిపి పులియబెట్టి పూటకి రెండు చెంబులు పోశాను. నీరసించిన చెరుక్కి అదే పోస్తాం, నాలుగు రోజుల్లో లేచి కూర్చుంటుంది. ఇది కూర్చోలేదు సరిగదా, వారం తిరిగేసరికి ఆకు మొదట్లో నల్లబడింది, కుండీ నిండా చీమలు పట్టాయి. వంగి వాసన చూస్తే కుళ్ళిన వాసన. రెండాకులు చేత్తో ముట్టుకుంటే ఊడి వచ్చేశాయి.

రోజూ సాయంత్రం ఇందు ఫోను. "ఇప్పుడెంతుంది?" అనేది. "జానాబెత్తెడు," అనేవాణ్ణి. నా అబద్ధంలో రెమ్మ ఏపుగా పెరుగుతోంది.

తొమ్మిదో రోజున నాకు సుమశ్రీ గారు గుర్తొచ్చారు. అనకాపల్లిలో మా బెల్లం కొనే షావుకారు గారి భార్య. వాళ్ళ మేడ మీద ఆకుపచ్చ వల కింద, మట్టీ కుండీ లేకుండా గాల్లో వేలాడే ఊదారంగు పూల మొక్కలు చూసిన గుర్తు. మొక్కని గుడ్డలో చుట్టి బండి ముందర పెట్టుకుని, రోహిణి ఎండలో పడి వెళ్ళాను.

ఆవిడ గుడ్డ విప్పి చూసి, "ఎన్నాళ్ళుంది మట్టిలో?" అన్నారు.

"తొమ్మిదో రోజండి."

"ఏం పోశారు?"

"బలానికి జీవామృతం పోసేనండి. బెల్లం కూడా మంచిదే ఏసేనమ్మగారూ, మీకిచ్చే రకమే."

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "ఊపిరాడని మనిషి నోట్లో అన్నం ముద్దలు కుక్కారు బాబూ. ఇది మట్టిలో బతికేది కాదు. దీని వేర్లు గాలి పీల్చుకుంటాయి. చెట్టు మీద ఊరికే కూర్చుంటుంది, చెట్టు దగ్గర చుక్క కూడా తీసుకోదు."

"పీల్చదా అండీ? చెట్టుని?"

"పీల్చదు. అద్దె ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇంటాయన అన్నం తింటామా?"

చెట్టుకి ఏ హానీ చెయ్యని దాన్ని పట్టుకుని ఎంత కసిగా గీకానో నా చేతులకి ఇంకా గుర్తుంది.

ఆవిడ బ్లేడుని స్పిరిటుతో తుడిచి, ఒక్కో వేరూ వేలితో నొక్కి చూశారు. గట్టిగా ఉన్నది ఉంచుతున్నారు. మెత్తబడిన దాన్ని లాగితే పైతోలు జారిపోయి లోపల దారం ఒక్కటే మిగులుతోంది. "చూడండి, నేర్చుకోండి," అన్నారు. "తెల్లగా, లావుగా, చివర పచ్చటి మొన ఉంటే బతికున్న వేరు. ఆకు చివర ఎలక కొరికినట్టు ఉంది చూశారా, ఈ జాతికి అదో గుర్తు." నేను పరీక్షకి వెళ్ళేవాడిలా విన్నాను. చివరికి ఒక వేరు పూర్తిగా, ఇంకోటి సగం మిగిలాయి. కోసిన చోటల్లా దాల్చినచెక్క పొడి అద్దారు. తర్వాత బ్లేడు రెమ్మ మీద పెట్టారు.

"వద్దండి!" అని ఆవిడ చెయ్యి పట్టుకోబోయి ఆగాను. "అదే కావాలండి. ఆ పువ్వు కోసమేనండి మా సెల్లెలు మూడేళ్ళు తిరిగింది, మొక్క దానిదేనండి."

"ఒకటిన్నర వేరుతో ఇది పువ్వుని మొయ్యలేదు బాబూ. ఉన్న ప్రాణమంతా ఆ రెమ్మకే పెట్టి ఆకులతో సహా చస్తుంది. రెమ్మ తీసేస్తే మొక్క బతకొచ్చు, అదీ ఖాయం కాదు. ఇంత చిన్న మొగ్గలు నీళ్ళలో పెట్టినా విచ్చుకోవు. రెండింట్లో ఒకటి చెప్పండి."

"ఒక్క మొగ్గైనా విచ్చుకునేదాకా ఆగదా అండీ?"

"ఆగదనే నా ఉద్దేశం. నేనూ దేవుణ్ణి కాదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడగండి, మొక్క తనది కదా."

నేను ఫోను తీశాను. దాని పేరు దాకా వెళ్ళి ఆగిపోయాను. అడగాలంటే మొదటినుంచీ చెప్పాలి. సుమశ్రీ గారు నా మొహం చూసి, "తెలీదా తనకి?" అన్నారు. తల దించుకున్నాను.

"అయితే ఏది ఉంచాలో మీరే చెప్పాలి," అన్నారు.

మూడేళ్ళ కష్టం ఒక పక్క, ఒక ప్రాణం ఒక పక్క. రెండూ దానివే, తీర్పు చెప్పేవాణ్ణి నేను.

"మొక్కే ఉంచండి," అన్నాను.

ఆవిడ కోసేశారు. మొగ్గల్ని తీసి నా అరచేతిలో పెట్టారు. ఆ మేడ మెట్లు దిగుతున్నప్పుడు, నలభై రెండేళ్ళ మగాణ్ణి, గోడవైపు తిరిగి ఏడ్చాను.

అక్కణ్ణుంచి నలభై రోజులు మా ఇంట్లో ఆ మొక్క తప్ప ఇంకో మాట లేదు. వెదురు తట్టలో బొగ్గులూ కొబ్బరి డొప్ప ముక్కలూ వేసి, దాని మీద మొక్కని కూర్చోబెట్టి నూతి పక్క పంచలో వేలాడదీశాం. "చెమ్మ ఉండాలి, తడి ఉండకూడదు" అన్నారావిడ. చెమ్మంటే తడి కాదా? పుట్టి బుద్ధెరిగి చేలో నీళ్ళు పారించడమే తెలిసిన వాణ్ణి, ఈ లెక్క నాకు ఎంతకీ తలకెక్కలేదు. గోనె సంచులు తడిపి చుట్టూ కట్టాం. పశువుల పాకలో ఫ్యాను తెచ్చి పెట్టాం. కుమారి తువ్వాలు నెత్తిన వేసుకుని రోజుకి ఎనిమిదిసార్లు స్ప్రే కొట్టేది. కొడుతూ నన్ను తిట్టేది.

"నన్నేనాడైనా ఇంతలా సూసేరా మీరు? జొరమొచ్చి పడుంటే కాఫీ నీళ్ళు కూడా ఇవ్వలేదు."

"నూకాలమ్మకి మొక్కుకున్నానే. ఇది బతికితే కొండ గుడికి నడిసొత్తానని."

"మొక్కకి కూడా మొక్కేటండి! ఆ పిల్లకి ఉన్నమాట సెప్పేత్తే ఏ మొక్కూ అక్కర్లేదు. రోజూ నా పేణం తీత్తన్నారు."

చెప్పలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. జూన్ మొదట్లో ఇందు, "ఫొటో పెట్టన్నియ్యా, మొగ్గ రంగు తిరిగుంటాది," అంది. కెమెరా పాడైందన్నాను. వదినకియ్యమంది. కుమారి ఫోను తీసుకుని, "మీ అన్నియ్యనే అడగమ్మా," అని నా చేతిలో పెట్టేసి లోపలికి పోయింది. "గాలికి రెమ్మ ఊగుతాంది, ఫొటో రాదు," అన్నాను. అలాంటి మాట ఎవరైనా నమ్ముతారా? ఇందు నమ్మింది. అంతకుముందు నేనెప్పుడూ దానితో అబద్ధం ఆడలేదు మరి. నమ్మినందుకే నాకు చచ్చిపోవాలనిపించింది.

అయిదాకుల్లో ఒకటి పసుపు తిరిగి రాలింది. వారానికి ఇంకోటి. మిగిలినవి మూడు. సగం వేరు కూడా ఎండి దారమైంది. ఒక్క వేరు, మూడాకులు. నాకు తిండి సయించడం మానేసింది. చెరుకు తోటకి ఎరువు వెయ్యాల్సిన అదును దాటిపోయినా పట్టలేదు. నారు పొయ్యలేదేటి బావా అని ఎవరైనా అడిగితే కసురుకునేవాణ్ణి. మా ఇంట్లో ఎవరికో బాగాలేదని ఊళ్ళో అనుకున్నారు.

జూలైలో వానలు పట్టాక ఒక పొద్దున్న కుమారి కేకేసింది. పరిగెత్తాను. ఆ ఒక్క వేరు చివర, ఎండిన తెలుపులోంచి, ఆవగింజంత పచ్చటి మొన. ఇద్దరం తట్టకి చెరోవైపూ మొహాలు ఆనించి చూశాం. కుమారి చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తిట్టిన మనిషి, "బతికిందండీ," అని నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది.

ఇంక చెప్పేద్దాం అనుకున్నాను, ఆదివారం నేనే విశాఖపట్నం వెళ్ళి. శుక్రవారం మధ్యాహ్నం వానలో ఆటో ఆగింది. ఇందు దిగింది. గొడుగు కూడా లేదు, భుజాన సంచీ.

"సెప్పకుండా వచ్చేసేను. పువ్వు విచ్చుకునుంటాదని ఆగలేకపోయేను," అంటూనే తిన్నగా పెరట్లోకి నడిచింది. మామిడి కింద నిలబడి తలెత్తింది. వాన మొహం మీద పడుతుంటే ఆ నున్నటి కొమ్మని అలా చూస్తూనే ఉంది. నేను పంచలో రాయిలా నిలబడ్డాను. వెనక్కి తిరిగినప్పుడు దానికి తట్ట కనబడింది.

వచ్చి తట్టని రెండు చేతులా కిందికి దించింది. కోసిన గాట్లు చూసింది. దాల్చినపొడి మరకల్ని వేలితో తడిమింది. ఆకులు లెక్కపెట్టింది. నేను అన్నీ చెప్పాను. క్రోటన్, కత్తి, చెరుకాకు పోగు, బెల్లం నీళ్ళు, సుమశ్రీ గారు, ఫోనులో ఆడిన ప్రతి అబద్ధం. ఒక్కటీ దాచలేదు. అది నూతి చప్టా మీద కూర్చుని విన్నది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"రెమ్మ కొయ్యమన్నది ఎవరు?" అంది.

"నేనే."

కొట్టినా బాగుండును. కుమారి తువ్వాలు తెచ్చి దాని తల మీద వేసింది.

"నేనున్నా అదే కొయ్యమందునన్నియ్యా," అంది చివరికి. "పువ్వు పోతే నా చదువే పోద్ది. ఇది పోతే ఇంక ఎక్కడా లేదు కదా. ఒక్క వేరుతో బతికించేవు. మా మేష్టారు కూడా బతికించలేరు."

ఆ మాట విని నా గుండెల మీంచి బండ దించినట్టయింది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకున్నాను. తేలికైన మనిషి నోరు ఊరుకోదు. నా తప్పు ఇంకొంచెం చిన్నది చేసుకుందామనిపించింది.

"కావాలని సేత్తానా తల్లీ! బదనికనుకున్నాను. ఏటేటా గీకుతాను కదా, సెయ్యికి అలవాటైపోయింది."

ఇందు తువ్వాలు పక్కకి తీసింది. "బదనికంటే, చెట్టులోకి వేరు దింపేత్తాది, ఎర్ర గొట్టం పువ్వులు పూత్తాది, అదే కదా?"

"అదీ బదనికే, ఇదీ బదనికే. కొమ్మ మీద మొలిసిందేదైనా బదనికే కదే మనకి. మన చెట్లకేటి, ఊళ్ళో అందరూ నన్నే పిలుత్తారు. నా అంత నున్నగా ఎవరూ గీకలేరని."

"ఇదీ అంటే?" అంది. తట్టని నా మొహం ముందు పెట్టింది. "ఇలాంటివా? సరిగ్గా సూసి సెప్పన్నియ్యా. ఇలాంటివి ఇంకా గీకేవా?"

వేసవికి ముందైతే తెలీదని చెప్పేసేవాణ్ణి. తెల్లటి లావాటి వేరు, చివర పచ్చటి మొన, ఎలక కొరికినట్టున్న ఆకు. ఈ రెండు నెలలూ దాన్నే చూశాను. మూసిన కళ్ళలో కూడా అదే కనబడేది. ఇప్పుడు ఒక్కో తోటా, ఒక్కో కొమ్మా కళ్ళముందుకొస్తోంది. తల ఊపాను.

అది కొండల్లో వెతికిన మూడేళ్ళూ సెలవులకి ఈ ఇంటికే వచ్చేది. దేనికోసం తిరుగుతున్నావని నేను ఒక్కసారీ అడగలేదు. గడ్డీ గాదం చదువు నాకెందుకనుకున్నాను. నాకేం తెలుసులే అని అదీ నన్ను అడగలేదు.

ఇందు సంచీలోంచి తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టిన పుస్తకం తీసింది. పెన్ను తీసింది. "సెప్పు. ఎక్కడెక్కడ?" అంది. నా వైపు చూడటం లేదు.

"అప్పలనర్సమ్మత్త తోటలో రెండు. మూడేళ్ళయింది. కాలవ గట్టు మీద జీడిమామిడికి ఒకటి. చిన్నమ్మలు పెద్దమ్మ రసాల చెట్టుకి నాలుగు, పోయిన ముందేడు. వాటిలో ఒకటి బాగా పెద్దది. దానికి పువ్వుంది."

పెన్ను ఆగింది. కుమారి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పువ్వా?" అంది ఇందు. "ఏ రంగు?"

ఆ రెమ్మ నా చేతిలోకే వచ్చింది. చేతికి బాగా గుర్తుంది, బరువుగా ఉంది, కింద పడేసేముందు ఒకసారి దులిపాను కూడా. రంగు మాత్రం కంటికి గుర్తు లేదు. ఇందు పెన్ను కాగితం మీద ఆనించి నా నోటి వంకే చూస్తోంది.

"సూళ్ళేదమ్మా," అన్నాను.